తాతల కథలు రికార్డవుతున్నాయి, మనవలకు అర్థమవుతాయా?

సంక్షిప్తంగా: పెద్దవాళ్ల జీవిత కథను ఫోనులో రికార్డు చేయడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమే. ఉత్తర తెలంగాణలో అసలు చిక్కు రికార్డింగులో లేదు. కచేరీ (ప్రభుత్వ కార్యాలయాల) భాష, సంవత్సరాల లెక్క, నాణెం, జిల్లా పేర్లు, చివరికి కంప్యూటర్ ఫాంటు కూడా ఒక్క జీవితకాలంలోనే మారిపోయిన ప్రాంతమిది. అందుకే ధ్వనినో రాతనో ఏదో ఒకదాన్నే దాచుకుంటే సగం కథే దక్కుతుంది. గొంతు పక్కన వివరణ కూడా రాసిపెట్టుకున్న ఇళ్లలోనే మూడో తరానికి ఆ కథ తెలిసే అవకాశం ఎక్కువ.

తల్లిదండ్రుల జ్ఞాపకాలను రాయించాలా, రికార్డు చేయాలా అన్న ప్రశ్న ఇటీవల చాలా కుటుంబాల్లో వినిపిస్తోంది. పెద్దలతో మాట్లాడించి, ఆ మాటలను పుస్తకంగా అచ్చు వేసి ఇచ్చే సేవలు వచ్చాయి. కృత్రిమ మేధతో గంటలో ఆత్మకథ సిద్ధమవుతుందని చెప్పే యాప్‌లు వచ్చాయి. 1948లో పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు కాబట్టి తొందరా పెరిగింది. ఆ తొందరలో ఎక్కువమంది పరికరాల గురించే ఆలోచిస్తున్నారు. కథ ఎక్కడ తెగిపోతుందో చూసినప్పుడు మాత్రం పరికరం పాత్ర చిన్నదిగానే కనిపిస్తుంది.

పాడేవాళ్లు ఉండేవారు, ఎవరి కథను?

జీవితాన్ని తర్వాతి వారికి అందించే ఏర్పాట్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి శాసనం 1213 నాటిది. రాయి రాజులకు, సేనానులకు పనికొచ్చింది. మిగిలినవారి కోసం ఆ పనిని మాట చేసింది. పిచ్చుకుంట్లవారు గోత్రాలు అప్పజెప్పేవారు. కూనపులివారు పద్మశాలీల ముందు పటం విప్పి మార్కండేయ పురాణం చెప్పేవారు. గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు ఉండేవారు. మేడారం చుట్టుపక్కల కోయ డోలీలు పడిగె (బొమ్మల జెండా) పట్టుకుని వంశగాథలు పాడతారు. ఆదిలాబాద్ గోండులకు ఆ పని పర్ధాన్‌లది, వారి వాద్యం కిక్రి.

ఈ వ్యవస్థలో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, అందులో నిలిచింది కులం పుట్టుక, వంశం పేరు. ఒక మగ్గం మనిషి బతుకు గానీ, నాట్లు వేసిన ఒక స్త్రీ బతుకు గానీ కాదు. రెండోది మరింత ముఖ్యం. ఆ కథ ప్రతిసారీ కొత్త శ్రోతల ముందు, అడిగితే బదులు చెప్పే మనిషి నోటి వెంట వచ్చేది. అర్థం కాని మాటను పక్కనున్న పెద్దలు అక్కడికక్కడే విడమరిచేవారు. కథతో పాటు వివరణ కూడా తరం మారేది. ఫోనులో ఉన్న ఫైలుకు ఆ గుణం లేదు. అది చెప్పిందే చెబుతుంది, అడిగినదానికి పలకదు.

ఒక్క జీవితకాలంలో మారినవి

నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఉన్నత పాఠశాల చదువు కూడా ఎక్కువగా అందులోనే సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన భాష కూడా ఉర్దూయే. అందువల్ల వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పాత పెట్టెల్లో దొరికే రసీదులు, పట్టా కాగితాలు, కొన్నిసార్లు సొంత ఉత్తరాలు కూడా ఉర్దూలో ఉంటాయి. రాసినవారు తెలుగువారే. చదవాల్సిన మనవలకు ఆ లిపి రాదు.

ఆ కాగితాల మీద తేదీ ఫసలీలో, అంటే నిజాం కచేరీలు వాడిన సంవత్సరాల లెక్కలో ఉంటుంది. హైదరాబాదు రాజ్యపు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడాది మొదలైన క్రీస్తుశకం వస్తుంది, జనవరి తర్వాతి నెలలకైతే 591 కలపాలి. 1357 ఫసలీ అని ఉన్న రసీదు 1947 అక్టోబరుకు, 1948 అక్టోబరుకు మధ్యది. అంటే దాదాపు మొత్తం పోలీసు చర్యకు (హైదరాబాదును భారత్‌లో కలిపిన సైనిక చర్యకు) ముందరి కాలం. ఈ లెక్క తెలియనివారి చేతిలో ఆ రసీదు వట్టి పాత కాగితం.

డబ్బు సంగతీ అంతే. ఎద్దుల జత ఇన్ని రూపాయలకు కొన్నామని పెద్దాయన చెబితే, అవి హాలీ రూపాయలా, కల్దారా? 1950లలో రద్దయ్యే దాకా హైదరాబాదుకు హాలీ అనే సొంత నాణెం ఉండేది, కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. ఇక ఊళ్ల పేర్లు. 2016 జిల్లాల విభజనతో పాత వరంగల్ జిల్లా కథలు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు చెదిరాయి. ములుగు ఇంకా తర్వాత వేరయింది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. మధ్య మానేరు, ఎల్లంపల్లి జలాశయాల కింద మునిగిన ఊళ్లలోని వాడలు, బావులు, చెలకల పేర్లకు ఇప్పుడు అక్కడివారి జ్ఞాపకమే చిరునామా.

వలస ఈ దూరాన్ని పెంచింది. భివండి, సోలాపూర్, సూరత్ మగ్గాలకు వెళ్లిన కుటుంబాల పిల్లల్లో చాలామంది మరాఠీ, గుజరాతీ బడుల్లో చదివారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వారి విషయంలో అచ్చు పుస్తకం కన్నా గొంతే ఎక్కువ పనికొస్తుంది. హైదరాబాదులో ఆంగ్ల మాధ్యమంలో చదివిన మనవల పరిస్థితీ దీనికి మరీ దూరంగా లేదు.

జ్ఞాపకానికి సంవత్సరాలు ఉండవు

చదువుకోని పెద్దలు కాలాన్ని సంఘటనలతో కొలుస్తారు. రజాకార్ల ముందు, పోలీసు చర్య అయిన ఏడు, పోచంపాడు పనులు నడిచే రోజుల్లో, గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు. ఇవి అస్పష్టమైన మాటలుగా తోస్తాయి గానీ, సరిగ్గా పట్టుకుంటే చాలా కచ్చితమైన ఆనవాళ్లు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో ఐదు రోజులు జరిగింది. గోదావరి మీది పోచంపాడు (శ్రీరాంసాగర్) ప్రాజెక్టుకు 1963 జులైలో శంకుస్థాపన జరిగింది. గోదావరి మహా వరద 1986 ఆగస్టులో వచ్చింది.

చిక్కు ఎక్కడ వస్తుందో ఒక ఉదాహరణ చూడవచ్చు. ముల్కీ గొడవప్పటికి పెద్ద కొడుకు నడక నేర్చాడని ఒక వృద్ధురాలు చెప్పిందనుకుందాం. ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే కావాలంటూ వరంగల్ విద్యార్థులు మొదలుపెట్టిన ముల్కీ ఉద్యమం 1952 నాటిది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమాన్ని కూడా చాలామంది అదే పేరుతో తలుచుకుంటారు. మధ్యలో పదిహేడేళ్ల తేడా. మనిషి ఎదురుగా ఉండగా ఒక్క ప్రశ్నతో ఇది తేలిపోతుంది: అప్పటికి పోచంపాడు పనులు మొదలయ్యాయా, లేక ఇంకా హాలీ చెల్లుతోందా? ఆమె పోయిన తర్వాత వినేవారికి ఆ కొడుకు వయసే కాదు, మొత్తం కథ వరసే తప్పిపోతుంది.

పేర్ల దగ్గర ఇంకా పెద్ద ఖాళీ ఉంటుంది. పెద్ద వయసు స్త్రీలలో చాలామంది భర్త పేరు ఎత్తరు. బాపు, పెద్దబాపు, చిన్నమ్మ, మా మేనత్త కొడుకు అంటూ గంటసేపు చెప్పిన కథలో ఒక్క సొంత పేరూ రాకపోవచ్చు. ఇప్పుడు వినేవారికి అందరూ తెలుసు కాబట్టి ఆ లోటు కనబడదు. యాభై ఏళ్ల తర్వాత వినేవారికి ఆ గంటంతా ఎవరెవరో తెలియని మనుషుల సందడి. రికార్డింగుకు ముందు ఒక కాగితం మీద వంశవృక్షం వేసి, పేరు, వరస, ఊరు, సుమారు పుట్టిన ఏడు రాసుకోవడం పరికరం కొనడం కన్నా ముందు జరగాల్సిన పని.

మనస్తత్వ శాస్త్రం ఇక్కడ ఒక ఉపయోగపడే విషయం చెబుతుంది. వయసు మీరినవారికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయి. ఎనభై ఐదేళ్ల మనిషికి ఆ కాలం సుమారుగా 1950 నుంచి 1970 దాకా పడుతుంది. మీ జీవితం గురించి చెప్పండి అని అడిగితే వచ్చేది రెండు వాక్యాల జవాబే. ఆ వయసులో ఉన్న ఇంటి నమూనా గీయమని, ఏ అర్రలో ఎవరు పడుకునేవారో, మగ్గం గుంట ఎక్కడ ఉండేదో చూపించమని అడిగితే కథ దానంతట అదే మొదలవుతుంది. సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేసినవారిని మొదటిసారి బాయి దిగిన రోజు గురించి, పారతో తట్టలోకి బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ పని గురించి అడిగినప్పుడూ అదే జరుగుతుంది.

రాత ఏమి దాస్తుంది, గొంతు ఏమి దాస్తుంది

రాత ఎంపిక చేస్తుంది. వరస కుదురుస్తుంది, పేర్లు, తేదీలు నిలుపుతుంది, అరనిమిషంలో కావలసిన చోటు వెతకనిస్తుంది. అయితే కలం పట్టగానే తెలుగువారి భాష మారిపోతుంది. ఇంట్లో ఒక తీరులో మాట్లాడిన పెద్దమనిషి కాగితం మీద బడి పుస్తకంలా రాస్తారు. కష్టం ఇబ్బందిగా మారుతుంది, తిట్టు విమర్శగా మారుతుంది. నవ్వు, ఆగిన చోటు, నాట్ల పాట, బతుకమ్మ పాట రాలిపోతాయి.

గొంతు వాటిని నిలుపుతుంది, కానీ దాన్ని వెతకడం కష్టం. గంట రికార్డింగును వినడానికి గంట కావాలి. మాటమాటా రాయడానికి చేయి తిరిగినవారికి కూడా నాలుగు గంటలకు తక్కువ పట్టదు. పది గంటల రికార్డింగు ఉన్న కుటుంబాల్లో దాన్ని మొత్తం మళ్లీ విన్నవారు ఎంతమంది ఉంటారన్నది ఊహించడం కష్టమేమీ కాదు.

విన్నదాన్ని రాసేవారి చేతిలో ఏమి జరుగుతుందో అమెరికా అనుభవం చూపిస్తుంది. 1936 నుంచి 1938 దాకా అక్కడి ప్రభుత్వ రచయితల పథకం ఒకప్పటి బానిసల నుంచి 2,300కు పైగా జీవిత కథనాలు సేకరించింది. సేకరించిన వారిలో ఎక్కువమంది తెల్లజాతివారు. నల్లజాతి వృద్ధుల ఉచ్చారణను వారు అతిశయంగా, ఒక్కోసారి ఎగతాళిగా తోచేలా అక్షరాల్లో పెట్టారు. ఆ కథనాల విలువ అపారమే. అయినా ఏది చెప్పినవారి మాట, ఏది రాసినవారి చేర్పు అన్న తగువు ఇప్పటికీ తీరలేదు.

తెలంగాణలో ఇందుకు భిన్నమైన ప్రయత్నం 1986లో వచ్చింది. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళలతో మాట్లాడి, వారి మాటలతోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. 1985లో చనిపోయిన చిట్యాల ఐలమ్మ కథనం కూడా అందులో ఉంది. నాయకుల ఆత్మకథల్లో కనబడని ఆకలి, కాన్పు, అడవిలో బిడ్డను మోయడం వంటివి ఆ పుస్తకంలోకి రావడానికి కారణం పద్ధతే. అడిగినవారు స్త్రీలు, చెప్పడానికి సమయం ఇచ్చారు, చెప్పిన తీరును దిద్దలేదు.

కుటుంబాలకు ఆ స్థాయి శ్రమ సాధ్యం కాకపోవచ్చు. మధ్యేమార్గం ఒకటుంది. మొత్తం రాయకుండా నిమిషాల వారీ సూచిక రాయడం. వరంగల్ కొత్తవాడ జంపఖానా నేతగాడి గంట రికార్డింగుకు అలాంటి సూచిక ఇలా ఉండవచ్చు: 3వ నిమిషం, తండ్రి ఇల్లు, రెండు గుంట మగ్గాలు, 11, ఆజంజాహీ మిల్లులో పెద్దబాపుకు పని, పెద్దబాపు అసలు పేరు పక్కన, 26, ముల్కీ గొడవ, అడిగి తేల్చినది 1969, 41, తల్లి పాడిన పాట, మొదటి చరణం రాత, 52, కుటుంబ తగువు, ఇద్దరు తమ్ముళ్లూ ఉన్నంతకాలం బయట వినిపించకూడదు. ఇది ఒక్క పేజీ. గొంతును వెతకడానికి వీలుగా చేసేదీ, అర్థమయ్యేలా ఉంచేదీ ఆ పేజీయే.

ఫైలుకూ ఆయుష్షు ఉంటుంది

కేసెట్ల కాలంలో గల్ఫ్‌కు, బొంబాయికి వెళ్లినవారికి మాటలు రికార్డు చేసి పంపిన ఇళ్లు ఉన్నాయి. ఆ కేసెట్లు అటక మీద ఇంకా ఉండవచ్చు. టేపు మీది పొర చెడిపోతోంది, దాన్ని వినిపించే యంత్రాలూ కరువయ్యాయి. యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం 2019లో అయస్కాంత టేపుల గురించి ఉమ్మడిగా హెచ్చరించాయి. ఇంట్లో కేసెట్లు ఉన్నవారికి కొత్త రికార్డింగు కన్నా వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడమే ముందు చేయాల్సిన పని.

కొత్త ఫైళ్లు ఇంకా నిశ్శబ్దంగా పోతాయి. భాండాగారాలు పాటించే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ప్రమాణంతో ఒక్క చానల్‌లో గంట మాట సుమారు 520 మెగాబైట్లు అవుతుంది. 128 కిలోబిట్ల ఎంపీ3లో అదే గంట 58 మెగాబైట్లకు తగ్గుతుంది. వాట్సాప్ వాయిస్ సందేశం దానికన్నా చాలా కుదిస్తుంది. మాట అర్థమవుతుంది, గొంతులోని వన్నె పోతుంది. ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఈ నష్టం ఉండదు. ఎండాకాలంలో వరంగల్ ఇళ్లలో ధ్వనికి అసలు శత్రువు ఫార్మాట్ కాదు, కూలర్. దాన్ని ఆపి, ఫోనును మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెడితే చాలా యాప్‌లు చేయలేని మేలు జరుగుతుంది.

పెన్‌డ్రైవ్ ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. తాత పేరు మీద తెరిచిన ఖాతాలోనే తాత మాటలుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్నది భాండాగారాల పాత సూత్రం. హనుమకొండలో ఒకటి, హైదరాబాదులో కూతురింట్లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి ఉంచితే అదే సూత్రం నెరవేరుతుంది.

రాత విషయంలో తెలుగుకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) వాడకం పెరగక ముందు మన డీటీపీ కేంద్రాల్లో ఎక్కువగా అను ఫాంట్లతో పేజీమేకర్‌లో కూర్చేవారు. అలా అచ్చయిన జ్ఞాపకాల పుస్తకాలు, షష్టిపూర్తి సంచికలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫైలును ఈనాటి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, మళ్లీ దిద్దాలి. అచ్చు ప్రతి ఒక్కటి బీరువాలో ఉంటే అదే నయం.

యంత్రం రాసే ఆత్మకథ

మాటను అక్షరాల్లోకి మార్చే సాధనాలు తెలుగుకూ వచ్చాయి. వార్తల తెలుగు, చదివి వినిపించిన తెలుగు వాటికి బాగా పట్టుబడుతుంది. పళ్లు ఊడిన నోటి మాట, బొగ్గుబాయి మాటలు, మగ్గం మాటలు, కచేరీ ఉర్దూ, మధ్యలో లంబాడీ వాక్యం కలిసినప్పుడు తప్పులు పెరుగుతాయి. తప్పు కన్నా దాని స్వభావం ప్రమాదకరం. తెలియని చోట యంత్రం ఖాళీ వదలకపోవచ్చు, పొసిగేలా కనిపించే మరో మాటను పెట్టవచ్చు. మనిషి అయితే అక్కడ ప్రశ్నార్థకం వేస్తాడు.

రాసినదాన్ని సాఫీ చేసే దశలో నష్టం ఇంకా ఎక్కువ. అలాంటి పాఠాల్లో కష్టాలు స్ఫూర్తిగా మారతాయి, తగువులు అనుబంధాలుగా మారతాయి, అందరి తాతలూ ఒకేలా మాట్లాడతారు. సూచిక తయారీకి, వెతకడానికి యంత్రం సాయం తీసుకోవడం వేరు. దాని పాఠాన్నే అసలు కథగా దాచి, ధ్వనిని చెరిపేయడం వేరు. రెండోది సరిదిద్దుకోలేని పని.

చెప్పని కథలు

ఉత్తర తెలంగాణలో మౌనానికి బలమైన కారణాలున్నాయి. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఎన్నో ఊళ్లు ఇటు పోలీసులకూ అటు నక్సలైట్ దళాలకూ మధ్య నలిగాయి. ఎవరింట్లో ఎవరు అన్నం తిన్నారన్న మాట కూడా అప్పట్లో ప్రాణాల మీదికి తెచ్చేది. ఆ అలవాటు ఇంకా పోలేదు. భూమి సంగతి మరొకటి. ఫలానా చెలక సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం) మీద కొన్నాం, పంపకం నోటిమాట మీదే జరిగింది అన్న వాక్యం చెప్పినవారికి జ్ఞాపకం, విన్న దాయాదికి ఆధారం. రికార్డింగు అనగానే కొందరు తోబుట్టువులు అడ్డుపడటానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇంటి అవసరం కోసం వ్యక్తులు చేసుకునే పనికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తించదు. యూట్యూబ్‌లో పెట్టడం ఇంటి అవసరం కిందికి వస్తుందా అన్నది వేరే ప్రశ్న. చెప్పినవారి అనుమతితో పాటు, కథలో పేరు వచ్చినవారి పరువు కూడా లెక్కలోకి వస్తుంది. ఏ భాగం ఎప్పటిదాకా ఎవరు వినకూడదో చెప్పినవారి గొంతుతోనే రికార్డు చివర చెప్పించుకోవడం పెద్ద భాండాగారాలు చేసే పనికి దగ్గరగా ఉంటుంది.

ఎవరి కథలు మిగులుతాయి

ఇప్పటి తీరు ఇలాగే సాగితే మిగిలే కథలు సమానంగా ఉండవు. చదువు, తీరిక, అచ్చు ఖర్చు ఉన్న ఉద్యోగుల, రాజకీయ కార్యకర్తల జీవితాలు పుస్తకాలై గ్రంథాలయాలకు చేరతాయి. హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి చోట్లకు ఒక ప్రతి ఇస్తే కుటుంబం మరిచినా ఊరికి దక్కుతుంది. బీడీలు చుట్టిన స్త్రీల, బాయి దిగిన కార్మికుల, కోయ, గోండు, లంబాడీ వృద్ధుల మాటలు ఫోన్లలోనే ఉంటాయి, ఫోన్లతోనే పోతాయి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఉంది. ఇళ్లలో పోగుపడుతున్న ధ్వనిని సూచికతో సహా తీసుకుని భద్రపరిచే పని అలాంటి సంస్థలకు తగినది.

ఆలస్యమైతే ఏమి జరగగలదో, కొద్దిలో ఎలా తప్పిందో ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామం చూపిస్తుంది. అక్కడ గోండీ భాషకు సొంత లిపిలో రాసిన ప్రతులు ఉన్నాయి, వాటిలో కొన్ని 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. అవి పరిశోధకుల దృష్టికి వచ్చేసరికి ఊళ్లో ఆ లిపి చదవగలిగినవారు కొద్దిమంది వృద్ధులే. వారు ఉండగా చదివించుకోగలిగారు కాబట్టి అక్షరమాల తయారైంది, పిల్లలకు నేర్పడం మొదలైంది. గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది.